బడి విడిచిన మరునాడు
(మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



 నేను వక్తను గాను. ముప్పది సంవత్సరములకు మించి ఉపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. మన విద్యార్థి వసతిగృహపు కార్యసంఘమునందును చిరకాలము సభ్యుడనుగా నుంటిని. కావున నా మాటలలో పాండిత్యము గాని చమత్కారము గాని యుండబోదు. నేను చేసిన యొక తప్పును ఒప్పుకొనుటకును, ఆ తప్పు మరల జరుగకుండ మీ యందరి సాయము వేడుటకును మాత్రమే మీ ముందు నిలిచితిని.

ఇందాక కార్యదర్శిగారు చదివిన నివేదికను మనమందరమును వింటిమి. ఈ సంవత్సరమున విద్యార్థివేతనములు పొందిన బాలబాలికల పేళ్లు, వైద్యమునందును సాంకేతికవిద్యయందును ప్రవేశము పొందినవారి పేళ్లు చదువుచుండగా సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. చేయదగినదే. విద్యవలననే మన సంఘము తలయెత్తుకొనగలిగినదని మన పెద్దలు చెప్పుచుండెడివారు, అది నిజము. కాని ఆ జాబితా వినుచున్నంతసేపును నా మనస్సున ఒక ప్రశ్న మెదలుచుండెను. చూపులేని బిడ్డ పేరు, వినికిడి లేని బిడ్డ పేరు, కాళ్లు చేతులు స్వాధీనమున లేని బిడ్డ పేరు, బుద్ధివికాసము మందముగా నున్న బిడ్డ పేరు అందు ఒక్కటియైనను కలదా? లేదు. మన యిండ్లలో అట్టి బిడ్డలు లేకనా? కాదు. నా యెరుకలోనే పెక్కుమంది కలరు. వారు బడికి పోవుచున్నారు. కొందరు పదవ తరగతి దాటుచున్నారు. ఆ పిదప వారెక్కడికి పోవుచున్నారు? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

సుమారు ఇరువదియైదు సంవత్సరముల క్రిందటి మాట. పోలియో వ్యాధిచే రెండు కాళ్లును చచ్చుబడిన బాలుడొకడు మన సంఘమునకు చెందిన యొక పేదయింట నుండెను. తండ్రి ప్రతిదినము వానిని సైకిలుమీద కూర్చుండబెట్టుకొని బడికి తీసికొనిపోయి, సాయంకాలము మరల తెచ్చుకొనుచుండెడివాడు. ఇట్లు పదేండ్లు జరిగెను. బాలుడు పదవ తరగతి మంచి మార్కులతో గడిచెను. గణితమున మరింత మంచి మార్కులు. ఇంటర్మీడియెట్ చదువుటకు పట్టణమునకు రావలసియుండి, మన వసతిగృహమునందు చోటు కోరుచు దరఖాస్తు పంపుకొనెను.

ఆ దరఖాస్తు మా కార్యసంఘము ముందునకు వచ్చినది. మేము దుర్మార్గులము గాము. అందరమును జాలిపడితిమి. కాని గదులన్నియు మేడమీద నున్నవి, మెట్లు పదునెనిమిది, స్నానపు గదులు పెరటి చివర నున్నవి, ఏదైన ప్రమాదము జరిగినచో ఎవరు బాధ్యులని తర్కించితిమి. తుదకు నిధినుండి అయిదు వందల రూపాయలు సహాయముగా మంజూరు చేసి, వసతిగృహమున చోటు లేదని జాబు వ్రాసితిమి. ఆ జాబు క్రింద సంతకము చేసినవాడను నేనే. క్రింది అంతస్తున బియ్యపు బస్తాలు వేయు గది యొకటి యుండెను. బస్తాలను మేడమీదికి ఎక్కించి ఆ గది ఆ బాలునకు ఈయవచ్చునని మాలో ఒక్కనికైనను తోచలేదు.

కొన్ని సంవత్సరములకు ఒక పెండ్లిలో ఆ తండ్రి కనబడెను. ఆయన నన్ను నిందింపలేదు. “వాడు ఇంటి దగ్గరే ఉంటున్నాడు మాస్టారూ! అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను చూస్తూ ఉంటాడు. పదేళ్లు మోశాను. ఇంక నాకు నడుం లేదు” అని మాత్రము చెప్పి భోజనముల పంక్తిలోనికి పోయెను. ఆనాడు విస్తరిముందు కూర్చుండియు నేను సరిగా భుజింపలేకపోతిని.

సోదరులారా! ఆ తండ్రి పదేండ్ల శ్రమయు, ఆ యుపాధ్యాయుల పదేండ్ల బోధయు, ప్రభుత్వము పెట్టిన వ్యయమును ఒక్క క్రిందిగది లేమిచేత వృథా యైనవి. చట్టము లేక కాదు, ధనము లేక కాదు, దయ లేక కాదు. బడి విడిచిన మరునాటిని గూర్చి ఎవరును ముందుగా ఆలోచింపకపోవుటచేత. ఇదియే నేను మీతో మనవి చేయదలచిన యొక్కమాట. బిడ్డను బడిలో చేర్చుట సగము పని. బడినుండి బ్రదుకులోనికి చేర్చుట తక్కిన సగము. ఆ రెండవ సగము పని బడి ముగిసిన తరువాత మొదలుపెట్టిన ఆలస్యమగును. అది బడి ముగియుటకు నాలుగైదేండ్లు ముందుగానే ప్రారంభము కావలయును.

విషయము పరిమాణము తెలియుటకై కొన్ని యంకెలు చెప్పెదను. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 22 లక్షల 66 వేలమంది. దేశమందలి వికలాంగులలో అక్షరాస్యులు నూటికి ఇంచుమించు 55 మంది. ఏదో యొక పని చేయుచున్నవారు నూటికి 36 మంది. ఈ లెక్కలో పసివారును వృద్ధులును చేరియున్నారన్నది నిజమే. అయినను చదువు చేరినంత దూరము పని చేరలేదని ఈ రెండంకెలును చెప్పుచున్నవి. నడుమ నొక వంతెన లేదు.

బడి కాలమునకు సంబంధించి మన దేశమున చట్టములు లేకపోలేదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమును 2012లో సవరించి వికలాంగ బాలలను స్పష్టముగా చేర్చిరి. 1995వ సంవత్సరపు చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తింపగా, 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. ఇది 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యము కల బాలబాలికలకు 6వ యేటినుండి 18వ యేటివరకు సమీపమందలి బడిలో గాని, ఇచ్చవచ్చిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితవిద్య పొందు హక్కు దీనివలన కలిగినది. మన తెలుగునాట మండలములలో భవిత కేంద్రములు ఏర్పడినవి. పరీక్షలలో వ్రాయలేనివారికి లేఖకుని ఇచ్చుటయు, గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము ఇచ్చుటయు నియమములైనవి. చేతివ్రాత సాగని యొక అభ్యర్థి విషయమున 2021 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, 40 పాళ్ల కొలతకు లోబడకపోయినను లేఖకుని సాయము నిరాకరింపరాదని నిర్ణయించినది.

ఇవన్నియు గొప్ప మేళ్లు. కాని యివి యధికభాగము బడిగోడల లోపలివి. పదునెనిమిదవ యేడు వచ్చునప్పటికి ఏమి జరుగుచున్నదో చూడుడు. పలుకరించు ఉపాధ్యాయుడు పోయెను. తోడివచ్చు స్నేహితులు తలయొక దారిని పోయిరి. పూట పూటకు బయలుదేరవలసిన పనియు పోయెను. ఒక్క వేసవి సెలవులలో ఆ బిడ్డ ప్రపంచము నాలుగు గోడలకు కుదించుకొనిపోవును. ఆ యరుగుమీద కూర్చుండిన నెలలు సంవత్సరములగును. నేర్చినది మరచును, నేర్చుకొనవలెనను తలంపు సయితము చచ్చును.

అమెరికా దేశమున ఈ చిక్కును ముందుగానే గుర్తించిరి. వికలాంగ బాలల విద్యను గూర్చిన వారి చట్టమున, బడినుండి వయోజన జీవితమునకు దాటించు సేవలను 1990లో చేర్చిరి. 2004లో సవరించిన చట్టము ప్రకారము విద్యార్థికి 16 ఏండ్లు నిండునప్పటికే అతని భావిజీవితమును గూర్చిన ప్రణాళిక వ్రాసియుండవలెను. అతడు ఏమి చదువును? ఏ పని చేయును? ఎక్కడ నివసించును? ఈ ప్రశ్నలకు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూర్చుండి సమాధానము వ్రాయుదురు. విద్యార్థిని గూడ ఆ సమావేశమునకు పిలిచి, ‘నీ వేమి కోరుచున్నావు?’ అని యడుగవలెను. ఆ దేశమున స్థిరపడిన మన సంఘీయులు కొందరు ఈ పద్ధతిని కన్నులార చూచియుందురు. వారి యనుభవమును మనకు పంచిపెట్టుట, వారు పంపు విరాళములకంటె తక్కువ సాయము కాదు.

మన బడులలో ఇట్టి ప్రణాళిక వ్రాయు వాడుక ఇంకను వేళ్లూనలేదు. అట్లని ఊరకుండవలసినదేనా? మన సమాజమున ఒకనికి పని దొరకుట యనగా నేమి? ఎవరో యొకరు ఎవరితోనో ‘మావాడున్నాడు, చూడుడు’ అని యొకమాట చెప్పుటచేతనే గదా! మేనమామ చెప్పును, పొరుగువాడు చెప్పును, సంఘములోని పెద్ద చెప్పును. ఆ ఒక్కమాట ఈ బిడ్డల కొరకు చెప్పువారు లేరు. ‘పాపము, వాడేమి చేయగలడు’ అను మాటయే వారి వంతున పడుచున్నది. ప్రభుత్వము చేయలేని పని, కులసంఘము చేయగల పని యిదియే. ఏ యింట ఏ బిడ్డ యున్నదో మనకు తెలియును. ఏ సభ్యునకు దుకాణమున్నదో, ఎవరికి మిల్లున్నదో, ఎవరికి ముద్రణాలయమో ఆసుపత్రియో యున్నదో అదియు మనకు తెలియును. ఈ రెంటిని కలుపుటయే మిగిలియున్నది.

ఎట్లు కలుపవలెను? అన్ని వైకల్యములకును ఒకే మందు లేదు.

చూపులేనివారి మాట మొదట చెప్పెదను. మచిలీపట్టణమునకు చేరువనున్న సీతారామపురమున జన్మించిన శ్రీకాంత్ బొల్లాగారి చరిత్ర మీలో పలువురెరుగుదురు. 2024లో వారి జీవితము చలనచిత్రముగా గూడ వచ్చినది. వారు పుట్టుకతోనే అంధులు. పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రము చదువగోరగా, చూపులేనివారికి అది కుదరదని చెప్పిరి. వారు న్యాయస్థానము నాశ్రయించి అనుమతి సంపాదించిరి. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదున బొల్లాంట్ ఇండస్ట్రీస్ అను పరిశ్రమను స్థాపించి వికలాంగులకు పని కల్పించిరి. ఇందు మనము గ్రహింపవలసిన దేమి? అంధులందరును పారిశ్రామికులు కాగలరని కాదు, చూపున్నవారందరును కాగలిగిరా? పదవ తరగతి ముగిసిన ఆ మలుపున, తలుపు మూసికొన్న ఆ గడియలో, వారి ప్రక్కన ఒక ఉపాధ్యాయురాలు నిలిచిరి. అదియే గ్రహింపవలసినది. మన యంధబాలుర ప్రక్కన ఆ గడియలో ఎవరు నిలుచుచున్నారు? నేడు తెరమీది అక్షరములను చదివి వినిపించు సాధనములు చేతిఫోనులలోనే యున్నవి. వానిని వాడుట పదునాలుగవ యేటనే నేర్పవలెను. చేతికఱ్ఱతో ఒంటరిగా బస్సెక్కుట నేర్పవలెను. పాఠములు వచ్చి బస్సెక్కుట రాని పట్టభద్రుడు ఉద్యోగస్థలము చేరలేడు గదా!

వినికిడి లేనివారి చిక్కు వేరు. వారికి కొరవడినది తెలివి కాదు, భాష. వారి భాష సంజ్ఞలది. మన దేశపు సంజ్ఞాభాషకై 2015లో ఢిల్లీయందు పరిశోధన శిక్షణ కేంద్రము స్థాపితమైనది. కాని ఇంటనున్న తల్లిదండ్రులు ఆ భాష నేర్చుకొనుచున్నారా? పదేండ్లు బడిలో సంజ్ఞలతో ముచ్చటలాడిన బిడ్డ, చదువు ముగించి ఇంటికి వచ్చిన నాటినుండి మూగయగుచున్నది. అన్నము, నీళ్లు, నిద్ర అను మూడు సంజ్ఞలతో ఆమె సంభాషణ ముగియుచున్నది. యజమానులు గూడ ఈ సంకోచముచేతనే వెనుదీయుచున్నారు. ఒక్క పలకయో, ఒక్క ఫోనో ముందుంచుకొని వ్రాసి చూపిన సగము పని నెరవేరును. తోటి పనివారు ఏబది సంజ్ఞలు నేర్చుకొన్న తక్కిన సగమును నెరవేరును.

కాళ్లు చేతులు స్వాధీనమున లేనివారికి అడ్డుపడునవి మన గోడలును మెట్లును. ఇందు దయాధర్మముల ప్రసక్తి లేదు. తాపీపనివాని ప్రసక్తియే కలదు. ఒక అడుగు ఎత్తు ఎక్కుటకు పండ్రెండడుగుల పొడవున వాలుదారి కట్టవలెనని నియమము. మూడు మెట్ల గుమ్మమునకు పదునెనిమిది అడుగుల వాలుదారి, ప్రక్కన పట్టుకొనుటకు కమ్మీ, కుర్చీబండి పట్టునంత వెడల్పుగల మరుగుదొడ్డి తలుపు. ఇంతే. మన కల్యాణమండపమునకు చలువరాళ్లు పరచిన ధనములో నూరవ పాలు దీనికి చాలును.

బుద్ధివికాసము మందముగా నున్నవారి విషయము అన్నిటికంటె ఓర్పు కోరునది. సికిందరాబాదు మనోవికాస నగరమున 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ వీరి కొరకే పనిచేయుచున్నది. వీరికి నేర్పు పద్ధతి సులభమైనదే. ఏ పనినైనను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు వచ్చిన పిదప రెండవ మెట్టు నేర్పుట. ఎంగిలి గ్లాసు కడుగుట మనకు ఒక పని. వారికి ఆరు పనులు. కాని ఆరును వచ్చిన తరువాత వారు మరువరు, విసుగరు.

నాకు తెలిసిన యొక యింట ఇరువదియేండ్ల బిడ్డ కలదు. తల్లి ఆమెకు తల దువ్వును, స్నానము చేయించును, ముద్ద కలిపి పెట్టును. ఒక సంవత్సరము ఆ తల్లి నెలదినములు ఆసుపత్రిలో పడెను. ఆ నెలయంతయు ఆ యింట నరకమైనది. కోలుకొని వచ్చిన తల్లి, ‘నా ప్రేమే దాని చేతులు కట్టేసింది’ అని యేడ్చినది. ఆ మరునాటినుండియే నేర్పనారంభించెను. సంవత్సరము తిరుగునప్పటికి ఆ బిడ్డ తన స్నానము తాను చేయుచు, బియ్యము కడుగుచు, వీధిచివర దుకాణమునుండి పాలు తెచ్చి మిగిలిన చిల్లర తల్లి చేతిలో పెట్టుచున్నది. ఏడేండ్ల వయస్సున నేర్పదగినది ఇరువదియవ యేట నేర్పిరి. అయినను వచ్చినది!

ఇక తల్లిదండ్రులు రాత్రులు నిదురపట్టక తమలో తామడుగుకొను ప్రశ్న యొకటి కలదు. ‘మా తరువాత వీని నెవరు చూతురు?’ అని. దీనికి సంబంధించి చాలమంది యెరుగని సంగతి యొకటి మనవి చేసెదను. బిడ్డకు 18 ఏండ్లు నిండగానే చట్టదృష్టిలో తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వము ముగియును. చూపు, వినికిడి, అవయవముల లోపము గలవారికి దీనివలన చిక్కులేదు. వారు సంపూర్ణ వయోజనులు. వారి బ్యాంకు ఖాతా వారిది, వారి సంతకము వారిది. దానిని వారి చేతికిచ్చి మనము ప్రక్కకు జరుగవలెను. కాని ఆటిజము, మస్తిష్క పక్షవాతము, మేధోవైకల్యము, బహుళవైకల్యము గలవారి కొరకు 1999వ సంవత్సరపు జాతీయ న్యాసచట్టము క్రింద జిల్లాయందు స్థానికస్థాయి సంఘము ఏర్పాటు కలదు. జిల్లా కలెక్టరు హోదాకు తగ్గని యధికారి అందు ఉండును. 18 ఏండ్లు దాటినవారికి సంరక్షకుని నియమింపుమని తల్లిదండ్రులు ఆ సంఘమునకు దరఖాస్తు పెట్టవచ్చును. 2016వ సంవత్సరపు చట్టము ఇందు మరియొక మంచి భావమును చేర్చినది. సంరక్షకుడు ఆ వ్యక్తి యిచ్ఛను త్రోసిపుచ్చి యేలువాడు కాడు. వానితో కలిసి నిర్ణయించువాడు మాత్రమే.

కొన్ని వైకల్యములకు, ముఖ్యముగా మేధోవైకల్యమునకును డిస్లెక్సియా వంటి అభ్యాసలోపములకును, బాల్యమున ఇచ్చిన ధ్రువపత్రము తాత్కాలికము. 18వ యేట మరల పరీక్ష చేయించి శాశ్వతపత్రము పొందవలెను. సదరం శిబిరమునకు ఒకమారు పోయితిమి గదా యని యూరకుండినవారు, కళాశాల ప్రవేశము నాడు పత్రము చెల్లదని తెలిసికొని విలపించుట నేను చూచియున్నాను. ఆ పత్రము కలిగినచో ప్రభుత్వ ఉన్నతవిద్యా సంస్థలలో నూటికి 5 పాళ్లకు తగ్గకుండ స్థానములు, వయఃపరిమితిలో 5 సంవత్సరముల సడలింపు, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 పాళ్లకు తగ్గకుండ కేటాయింపు ఉన్నవి. స్వయముగా వ్యాపారము పెట్టదలచినవారికి తక్కువ వడ్డీతో అప్పులిప్పించుటకు 1997లో స్థాపితమైన జాతీయ ఆర్థికసంస్థ యున్నది. బడికి పోలేనివారికి సార్వత్రిక విద్యాపీఠము పరీక్షలున్నవి.

ఆంధ్రప్రదేశమున 2024 జూలైనుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది. పేదయింటికి ఇది పెద్ద ఆదరువు. కాని పింఛను వచ్చుచున్నది గదా, ఇంక చదువేల, పని యేల యని తలంచు పెద్దలు కొందరు కలరు. మనిషికి కావలసినది తిండి ఒక్కటియే కాదు. ప్రొద్దుట లేచి పోవలసిన చోటు, తన కొరకు ఎదురుచూచు పని, సాయంకాలము చెప్పుకొనుటకు ఒక ముచ్చట యుండవలెను. వీనిని ఏ పింఛనును ఈయలేదు.

ఇప్పుడు కొంత చేదుమాట చెప్పవలసియున్నది, క్షమింపుడు. మన సంఘము ఏటేట వధూవర పరిచయసభలు జరుపుచున్నది. ఆ సభలకు వచ్చు కుటుంబములలో కొన్ని, ఇంట వికలాంగ శిశువున్న సంగతి దాచుచున్నవి. ఎందుకు? అక్కచెల్లెండ్రకు సంబంధములు తప్పిపోవునని. చూపులకు వచ్చిననాడు ఆ బిడ్డను వెనుకగదిలో నుంచి తలుపు వేయుదురు. దాచిన బిడ్డకు బడి లేదు, వైద్యము లేదు, పత్రము లేదు, పని లేదు. దాచినవారిని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. దాచనియెడల సంబంధము మానుకొనువారము మనమే గదా! పెండ్లిచూపులనాడు ‘మీ యింట నలుగురు పిల్లలని వింటిమి, నాలుగవ బిడ్డ యేదీ? పిలువుడు, కూర్చుండబెట్టుడు’ అని వరునివైపు పెద్ద యొకడు అడిగిన చాలును. ఆ తలుపు గడియ ఊడును.

ఇక నా విన్నపములు. ఇవి తీర్మానములుగా స్వీకరింపుడని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను.

మొదటిది. మన విద్యానిధి నియమావళిలో ప్రథమశ్రేణి మార్కులు రావలెనను నిబంధన యున్నది. వికలాంగ విద్యార్థుల విషయమున దానిని తొలగింపవలెను. కళాశాల విద్యకే గాక వృత్తిశిక్షణకును సార్వత్రిక పరీక్షలకును వేతన మీయవలెను.

రెండవది. వసతిగృహపు క్రింది అంతస్తున రెండు గదులు వారికై యుంచి, వాలుదారియు తగిన మరుగుదొడ్డియు కట్టింపవలెను. ఈ రెండు గదులలో ఒకటి ఆ పాత బియ్యపుగదియే కావలెనని నా కోరిక. దాని వ్యయము నా పింఛనునుండి నేను భరించెదను.

మూడవది. ప్రతి జిల్లాశాఖయు తన పరిధిలో పదునాలుగేండ్లు నిండిన వికలాంగ బాలబాలికల పట్టిక తయారుచేసి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పెద్దను తోడుగా నియమింపవలెను. ఆ బిడ్డకు ఇరువదిరెండేండ్లు వచ్చువరకు పత్రములు, ప్రవేశములు, శిక్షణ, పని యను వానిని విచారించుట ఆ పెద్ద బాధ్యత. ధనమక్కరలేదు, నెలకొక పూట చాలును. మొట్టమొదట ఆ బిడ్డనే యడుగవలెను, ‘నీకేది యిష్టము?’ అని.

నాలుగవది. దుకాణములు, మిల్లులు, పాఠశాలలు, ఆసుపత్రులు గల సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్కరిని ఆరు నెలలు పనిలో పెట్టుకొని నేర్పవలెను. ఇది ధర్మము కాదు. కూలి యీయవలెను, తప్పుచేసిన మందలింపవలెను, పని వచ్చిన నిలుపుకొనవలెను.

అయిదవది. ఈ పనులను చూచుటకై యేర్పడు ఉపసంఘమున వికలాంగు లొకరును, అట్టి బిడ్డను పెంచిన తల్లి యొకరును తప్పక సభ్యులుగా నుండవలెను. వారు లేక మనము మాత్రమే కూర్చుండి నిర్ణయించిన, మరల మెట్లు లెక్కపెట్టి జాబు వ్రాయుదుము.

పోషక మహాశయులారా! మన భవనములపై దాతల పేళ్లు చెక్కిన శిలాఫలకములు చాల కలవు. వానిలో ఎక్కువభాగము మెట్లెక్కిన పిదపనే కనబడును. మీలో ఎవరైన ఒక వాలుదారి కట్టించిన, ఆ పేరు మెట్లెక్కలేనివారును చదువుకొందురు.

తుదిమాట యొకటి. ఆ బాలుడు నేడు నలువదియేండ్లు దాటినవాడు. ముప్పదియవ యేటికి గాని అతనికి దారి దొరకలేదు. తమ్ముని ఎరువుల దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు. ఊరిలో ఎవరికి లెక్క తేలకపోయినను అతని యొద్దకే పోవుదురట. పదునాలుగేండ్లు అరుగుమీద పోయినవి. వానిని తిరిగి యిచ్చు శక్తి నాకు లేదు. ఈ సభకు వచ్చి నాతో కూర్చుండుమని గడచిన వారము స్వయముగా పోయి పిలిచితిని. అతడు నవ్వి, ‘సభ ఎక్కడ మాస్టారూ? మెట్లున్నాయా?’ అని యడిగెను.

నేను వచ్చి చూచితిని. ద్వారమున ఏడు మెట్లున్నవి. అందుచేతనే నేడతడు ఇక్కడ లేడు.

మరల మహాసభ జరుగునాటికి ఈ ప్రశ్నకు వేరు సమాధానము చెప్పగల యదృష్టము నాకు కలిగింపుడని మిమ్ముల నందరిని ప్రార్థించుచున్నాను.